మొదటి మంట

"నువ్వు ఆ బెంచీ మీంచి లేస్తావా, లేవవా?"

"లేవను."

"నీ పెట్టె కాళ్ళకి అడ్డం పడుతోంది."

"అయితే పెట్టె జరుపుకో అన్నయ్యా. నేను మాత్రం జరగను."

అన్నయ్య పెట్టెను కాలితో గోడవారకు తోసి, ఖాళీ ట్రేలు పట్టుకుని బట్టీ గదిలోకి వెళ్ళాడు. ఆ ట్రేలతో అవసరమైన దానికంటే ఎక్కువ చప్పుడే చేశాడు.

పొద్దున వేడి రొట్టెలు దుకాణంలో సర్దుతున్న వేళకి చెల్లెలు ఆ పెట్టెతో దిగింది. అత్తిల్లు వదిలి వచ్చేశావా అంటే రాలేదంది. పుట్టింట్లో ఉంటావా అంటే ఉండనంది. దుకాణానికీ వెనక బట్టీ గదికీ మధ్యనున్న బెంచీ మీద కూర్చుని, రెండిళ్ళవాళ్ళూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునేదాకా తనకు ఏ ఇల్లూ లేదని తేల్చి చెప్పేసింది. మధ్యాహ్నం దాటినా ఆ మాట మీదే ఉంది.

ఆ ఇంట్లో మొండితనం తల్లి వైపు నుంచి వచ్చిందని చుట్టాలందరూ అంటారు. తల్లి మాత్రం తండ్రి వైపు నుంచి వచ్చిందంటుంది. తండ్రి పోయి చాలాకాలమైంది కాబట్టి ఆ మాట కాదనేవాళ్ళు లేరు.

తల్లి పిండి తొట్టి అంచులు గీకుతూ, కూతురి వైపు చూడకుండానే అంది.

"మీ మావగారికి కబురు పంపాను. వస్తున్నారు. ఇంక లేచి ఏదైనా కాస్త తిను."

"వచ్చాక తింటాను."

"ఆయన వచ్చాక మీ అన్నయ్య తినడానికి ఎవర్నీ మిగల్చడు."

కూతురు నవ్వు ఆపుకోబోయి, ఆపుకోలేక, మొహం గోడవైపు తిప్పుకుంది.

రోజులు అలా ఉన్నాయి మరి. ఏ దారి ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు తెరుస్తారో చెప్పగలవాడు లేడు. పిండి లారీ వచ్చిన వారం కట్టెలు దొరకవు. కట్టెలు దొరికిన వారం పిండి రాదు. రెండు పూటలా రొట్టె కాల్చిన బట్టీలో ఇప్పుడు తెల్లవారుజామున ఒక్కసారే కాలుస్తున్నారు. రొట్టె కొనే హోటళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తలుపులు వేసుకున్నాయి.

మిగిలిన ఆశ పెద్దాసుపత్రి క్యాంటీన్ ఒక్కటే. రోగులకి పొద్దున రొట్టె, మధ్యాహ్నం టీతో బిస్కెట్లు, ఏ రోజూ తప్పకుండా అందాలి. రెండూ ఒక్కరి పూచీ మీదే అందాలి. ఈ సాయంత్రంలోగా ఇక్కడివాళ్ళు ఎవరూ ఒప్పుకోకపోతే, క్యాంటీన్ మేనేజరు ఆ ఆర్డరు పక్క ఊరి ఫ్యాక్టరీకి ఇచ్చేస్తాడు. ఇచ్చేస్తే వచ్చే నెలకి ఈ బట్టీలో నిప్పు ఉండదు. ఆ సంగతి తల్లికి తెలుసు, కొడుక్కి తెలుసు, బెంచీ మీద బైఠాయించినదానికీ తెలుసు.

రొట్టె వీళ్ళది. బిస్కెట్లు వియ్యంకుడివి. నాలుగు వీధుల అవతల ఆయన బట్టీ పోయినవారం కప్పు కూలి కూర్చుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ, అక్కడిప్పుడు ఇటుకల గుట్ట తప్ప ఏమీ లేదు. మర్నాడే తన కొడుకు, అంటే ఈ ఇంటి అల్లుడి చేత కబురు పంపాడు. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా మీ బట్టీ మాకివ్వండి, మధ్యాహ్నం నుంచి మీరు వాడుకోండి, చెరి సగం అని.

ఆ కబురుకు కొడుకు ఇచ్చిన జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు. అల్లుడు దాన్ని ఒక్క అక్షరం పోకుండా మోసుకెళ్ళి తండ్రికి అప్పజెప్పాడు. అంత నిజాయితీ అతన్ని ఎవరూ అడగలేదు. అప్పట్నుంచి రెండిళ్ళ మధ్యా మాటల్లేవు.

*

వీధిలో అందరూ 'బిస్కెట్ వియ్యంకుడు' అని పిలుచుకునే ఆ పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా నలగకుండా, కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చాడు. కోడలి పెట్టె చూశాడు. కోడల్ని చూశాడు. చూడనట్టే లోపలికి నడిచాడు.

"ఏం చెల్లెమ్మా, బాగున్నారా?"

"బాగున్నానో లేదో మీరే చెప్పాలి అన్నయ్యగారూ. కూర్చోండి."

బట్టీ గదిలో పిండి పిసికే పొడుగాటి బల్ల ఉంది. ఆయన ఒక పక్క కూర్చున్నాడు. కొడుకు వచ్చి ఎదుటిపక్క, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరి మొహాలూ చూస్తే బల్ల మధ్యలో తాడు కట్టి లాగుడు పోటీ పెట్టినట్టుంది.

తల్లి ఒక్క క్షణం నిలబడి చూసింది. తర్వాత కొడుకు స్టూలు అంచు పట్టుకుని, వాడితో సహా ఇవతలికి లాగింది.

"ఏంటమ్మా ఇది?"

"ఆయన మొహం చూస్తే నీకు కోపం. నీ మొహం చూస్తే ఆయనకి కోపం. అందరం ఒకపక్కే కూర్చుని బట్టీ మొహం చూద్దాం. దానికి ఎవరి మీదా కోపం లేదు."

ముగ్గురూ వరసగా కూర్చున్నారు. ఎదురుగా బట్టీ నోరు, ఇనప తలుపు సగం తెరిచి, లోపల చీకటిగా ఉంది. బెంచీ మీద అమ్మాయి మెడ సాచి చూసింది. తను అడిగిన పద్ధతి ఇది కాదు, అయినా కూర్చున్నారు కదా అని ఊరుకుంది.

"నేను అడిగింది పెద్ద కోరికేం కాదు" అని వియ్యంకుడు మొదలెట్టాడు. "చెరి సగం అన్నాను. చుట్టరికం ఉంది కదా అని అన్నాను. దానికి మీ అబ్బాయి నన్ను ఏమన్నాడో..."

"అన్నది విన్నాను మావయ్యగారూ, నేనే కదా అన్నది" అన్నాడు కొడుకు. "తెల్లవారుజామున బట్టీ మీకిస్తే మేం రొట్టె ఎప్పుడు కాల్చాలి? మధ్యాహ్నం రొట్టె రాత్రికి చల్లారుతుంది. పొద్దున ఆకలేసినవాడికి నిన్నటి రొట్టె పెట్టమంటారా? సగం అన్నారు. ఆ సగంలోనే మా ప్రాణం ఉంది."

"నా దగ్గర సగం కూడా లేదు నాయనా."

"దానికి మేమేం చెయ్యాలి?"

"ఒరేయ్" అంది తల్లి.

వాడు నోరు మూశాడు. మూయడం మూశాడు కానీ మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు.

"అన్నయ్యగారూ, బట్టీ ఎప్పుడు కావాలో చెప్పారు. ఎందుకు కావాలో చెప్పలేదు."

"ఎందుకేమిటమ్మా, బిస్కెట్లు కాల్చుకోవడానికి."

"అది కాదు. తెల్లవారుజామే ఎందుకు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. పనివాళ్ళు పొద్దున్నే వస్తారన్నాడు. ప్యాకింగు మధ్యాహ్నంలోగా అయిపోవాలన్నాడు. బిస్కెట్టుకి చెమ్మ తగలకూడదన్నాడు. ఒక్కొక్క కారణమూ విడిగా చూస్తే బాగానే ఉంది. కలిపి చూస్తే ఒకదానికొకటి సంబంధం లేదు.

"లేచి ఇలా రండి" అంది తల్లి.

ఆవిడ ఇనప తలుపు పూర్తిగా తెరిచింది. పొద్దున్నే రొట్టెలు తీసేసిన బట్టీ, కట్టె ముక్క కూడా వెయ్యలేదు, అయినా వేడి మెల్లగా మొహానికి తగులుతోంది.

"చెయ్యి పెట్టి చూడండి."

బట్టీ పని చేసేవాళ్ళకి వేడి చూడ్డానికి చెయ్యే కొలత. ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి, అరచెయ్యి లోపల పెట్టి ఉంచాడు. వియ్యంకుడి పెద్దరికం, అలక, అన్నీ ఆ కాసేపు ఎక్కడికో పోయాయి. బిస్కెట్టు పనివాడు మాత్రం మిగిలాడు.

"ఇది బిస్కెట్ వేడే" అన్నాడు నెమ్మదిగా. "అచ్చం ఇదే. ఇంకాసేపు ఆగితే కొబ్బరి బిస్కెట్టుకి సరిపోతుంది."

"రోజూ ఇది ఇలా ఊరికే చల్లారిపోతోంది. రెండోపూట రొట్టె మానేశాక ఈ వేడి ఎవరికీ అక్కర్లేదు. మధ్యాహ్నం అంతా మీరు వాడుకోండి. కొత్తగా కట్టె వెయ్యక్కర్లేదు."

కొడుకు తల ఎత్తాడు. కాదనడానికి నోరు తెరిచాడు కానీ ఏమని కాదనాలో వెంటనే తట్టలేదు.

వియ్యంకుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సంతోషించాల్సిన మనిషి సంతోషించలేదు. అదే తల్లికి నచ్చలేదు.

"తెల్లవారుజామున ఇది ఎంత వేడిగా ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఆ వేడిలో మీ బిస్కెట్లు పెడితే బొగ్గులు బయటికొస్తాయి. మరి ఆ వేడి మీకెందుకు అన్నయ్యగారూ?"

ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడవబోయాడు.

"చెప్పెయ్యండి మావయ్యగారూ" అంది బెంచీ మీంచి కోడలు. "మీరు చెప్పకపోతే నేను చెప్తాను. దానికే కదా ఇక్కడ కూర్చున్నాను."

*

చివరికి ఆయనే చెప్పాడు. ఎవరి మొహమూ చూడకుండా, బట్టీకి చెబుతున్నట్టు చెప్పాడు. అందరూ ఒకపక్కే కూర్చోవడంలో ఆ సుఖం ఉంది.

"క్యాంటీన్ మేనేజరుతో నేను ముందే మాట్లాడాను చెల్లెమ్మా. రొట్టే బిస్కెట్లూ రెండూ నేనే ఇస్తానన్నాను. రొట్టె మా దగ్గరే చేసి చూశాను. నా బట్టీకి సన్నటి సెగ అలవాటు. రొట్టెకి అది చాలదని ఒక్కసారిగా పెద్ద మంట వేశాను. రొట్టె కాలింది. పైకప్పు కూలింది."

కొడుకు స్టూలు వెనక్కి పడిపోయేలా లేచాడు.

"అంటే మా నోటికాడ కూడు లాక్కోబోయి మీ బట్టీ కూల్చుకున్నారు. ఇప్పుడు లాక్కోవడానికి మా బట్టీయే అరువు అడుగుతున్నారు. ఇంత చేసి చుట్టరికం అంటున్నారు కూడానా?"

"అను నాయనా, అను. అనాల్సిందే" అన్నాడాయన. "కానీ ఈ రోజుల్లో బిస్కెట్లు ఎవరు కొంటున్నారు? రొట్టె లేకపోతే మనిషికి ఆకలి. బిస్కెట్టు లేకపోతే ఏముంది, టీ ఒక్కటే తాగుతాడు. నా దగ్గర పనివాళ్ళు రోజంతా ఈగలు తోలుకుంటూ కూర్చుంటే ఎన్నాళ్ళు చూడను? మీ రొట్టె పోవాలని కాదు. నా బట్టీ ఆరిపోకూడదని."

"మాది ఆరిపోతే ఫరవాలేదన్నమాట."

ఆ ప్రశ్నకి ఉన్న జవాబు ఒక్కటే, అది చెప్పడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

తల్లి అరుస్తుందని కొడుకు అనుకున్నాడు. కూతురు ఏడుస్తుందనుకుంది. ఆవిడ రెండూ చెయ్యకుండా ఒక ప్రశ్న అడిగింది.

"రొట్టె పొంగిందా?"

"ఆ?"

"మీరు కాల్చిన రొట్టె. బాగా పొంగిందా?"

"పొంగింది" అన్నాడాయన. ఇన్ని చీవాట్ల మధ్య కూడా గొంతులో కాస్త గర్వం తొంగి చూసింది. "మీదాని అంత కాదనుకోండి, కానీ పొంగింది. లోపల చక్కగా గుల్ల విచ్చుకుంది."

తల్లి చూపు మూలనున్న పులిపిండి గిన్నె మీదికి పోయింది.

ఈస్ట్ డబ్బా బజార్లో కనబడటం మానేసి చాలా నెలలైంది. ఇప్పుడు ఊళ్ళో రొట్టె పొంగాలంటే పులిపిండి ఉండాలి. రోజూ కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తీసి మర్నాటి కోసం దాచుతారు. ఆ ముద్ద ఈ ఇంట్లో తల్లి అత్తగారి నాటి నుంచి ఆగకుండా వస్తోంది. ఎవరడిగినా రొట్టె ఇచ్చారు, అప్పు ఇచ్చారు, పని నేర్పారు కూడా. ఆ ముద్ద మాత్రం గడప దాటనివ్వలేదు.

తల్లి బెంచీ వైపు తిరిగింది.

"నేనే ఇచ్చాను" అంది కూతురు, అడగకముందే.

"ఎప్పుడు?"

"క్రితం నెల వచ్చినప్పుడు. గిన్నెలో పెట్టుకుని తీసుకెళ్ళాను."

"నాతో ఒక్క మాట..."

"అడిగితే ఇచ్చేదానివా?"

తల్లి చూపు మళ్ళీ గిన్నె వైపు తిప్పుకుంది.

"ఆ ఇంట్లో కూడా తినేది నేనే అమ్మా" అంది కూతురు. "ఇక్కడికొస్తే అక్కడి గొడవ చెప్పకూడదు. అక్కడికెళ్తే ఇక్కడి కష్టం చెప్పకూడదు. రెండు బట్టీల్లో ఒక్కటైనా మండుతుంటే ఎవరో ఒకరు నిలబడతారనుకున్నాను. అది మీ ఆర్డరు కోసమని నాకు తెలియదు. కప్పు కూలిన రోజునే తెలిసింది. తెలిశాక నిద్ర పట్టక, ఇవాళ పెట్టె సర్దుకుని వచ్చాను."

వియ్యంకుడు తల వంచుకున్నాడు. కొడుకు చెల్లెల్ని కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

తల్లికి ఆర్డరు పోతుందన్నప్పుడు కూడా ఇంత బాధ కలగలేదు. ఆ బాధ ఇంత ఎక్కువగా ఉన్నందుకు తన మీద తనకే సిగ్గేసింది కూడా. పిండిముద్దే కదా, కూతురే కదా అని రెండు వైపులా సర్దిచెప్పుకుంది. ఏదీ సర్దుకోలేదు.

ఆవిడ లేచి కుళాయి దగ్గరికెళ్ళి చేతులకి ఎండిన పిండి కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. తిరిగొచ్చి, కొంగుకు చేతులు తుడుచుకుని, తన చోట తను కూర్చుంది.

"సరే. దాచుకోవడానికి ఇంక ఎవరి దగ్గరా ఏమీ లేదు కదా. ఇప్పుడు పని మాట్లాడుకుందాం."

"పనా?" అన్నాడు కొడుకు. "ఇంత విన్నాక ఈయనతో పనా?"

"ఇంత విన్నాక కాబట్టే. ఇందాకటిదాకా ఆయనకేం కావాలో మనకి తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆయనకి మన రొట్టె అక్కర్లేదు, తన మనుషులకి పని కావాలి. మనకి ఆయన బిస్కెట్లు అక్కర్లేదు, అవి లేకపోతే ఆర్డరు రాదు. కోపం నాకూ ఉంది. నీకంటే ఎక్కువే ఉంది. అది ఎక్కడికీ పోదు, రేపు కూడా ఇక్కడే ఉంటుంది. మేనేజరు ఉండడు."

*

ఆ తర్వాత సాగిన మాటల్లో తియ్యటివి చాలా తక్కువ. అయితే ఎవరూ లేచి వెళ్ళలేదు.

తెల్లవారుజామున మొదటి మంట రొట్టెకి. రొట్టెలు తీశాక చల్లారే వేడి బిస్కెట్లకి. అంతవరకూ తేలిగ్గానే కుదిరింది. కట్టెలు ఇద్దరూ తేవాలి, డిపోవాడు ఏ ఇంటికి లోడు పంపినా ఇక్కడే దించాలి.

"పిండి తక్కువొచ్చిన రోజు?" అని అడిగాడు వియ్యంకుడు.

ఎవరూ అడగకూడదనుకుంటున్న ప్రశ్న అది.

"ముందు ఆస్పత్రి రొట్టె" అంది తల్లి.

"అంటే నా బిస్కెట్లు ఆగిపోతాయి."

"మీవి ఆగితే మా దుకాణం రొట్టె కూడా ఆగుతుంది. ఆస్పత్రికి రెండూ వెళ్ళాకే దుకాణంలోకి. దుకాణానికి మిగలకపోతే నేను బయట నిలబడి జనానికి చెప్పుకుంటాను. మీ మనుషులు ఖాళీగా ఉండరు. ఆ రోజు ఇక్కడికొచ్చి పిండి పిసుకుతారు."

"మావాళ్ళు మీ దగ్గర పని చెయ్యాలా?"

"మా దగ్గర కాదు. ఈ బల్ల దగ్గర."

ఆయన ఆలోచించాడు. పెద్దరికం ఎక్కడో కలుక్కుమంది, కానీ మింగాడు. "మరి వెన్నా పంచదారా దొరకని రోజు, మీ పులిపిండితో ఉప్పు బిస్కెట్లు వెయ్యనిస్తారా?"



"వెయ్యండి" అంది తల్లి, పంటి బిగువున. "ఎలాగూ వెళ్ళిందిగా. ఇంక దొంగచాటుగా కాకుండా, గిన్నె నిండా పట్టుకెళ్ళండి."

"మంచి రోజులొస్తేనో?" అన్నాడు కొడుకు. "రెండోపూట రొట్టె మళ్ళీ మొదలెట్టాల్సొస్తే? అప్పుడు ఈయన మధ్యాహ్నం బట్టీ వదులుతారా?"

"వచ్చిన రోజున మళ్ళీ ఇక్కడే కూర్చుంటాం. అసలు వారం వారం కూర్చుంటాం. వచ్చే వారం ఏమవుతుందో తెలియనప్పుడు ఏడాదికి సరిపడా ఒప్పందం ఎవరు చేసుకోమన్నారు?"

"వారం వారం పోట్లాడుకుందామంటారా చెల్లెమ్మా?" అన్నాడు వియ్యంకుడు, ఆ రోజుకి మొదటిసారి నవ్వుతూ.

"వారానికి ఒక్క పూట పోట్లాడుకుంటే మిగతా రోజులు పని చేసుకోవచ్చు అన్నయ్యగారూ. ఇప్పుడు ఏడు రోజులూ పోట్లాడుకుంటున్నాం, పని లేదు."

కొడుకు మాత్రం నవ్వలేదు. "నాదొక్కటే షరతు" అన్నాడు. "మంట నాది. కట్టె పెట్టేదీ నేనే, తీసేదీ నేనే. వీళ్ళ మనుషులు గానీ, ఈయన గానీ, నేను లేనప్పుడు బట్టీ లోపల తల పెట్టి చూడటానికి వీల్లేదు."

"మంట నీదే" అన్నాడు వియ్యంకుడు వెంటనే. "మంట జోలికి పోయి నేను పడింది చాలు నాయనా."

*

వీధిలో నీడలు సాగుతున్న వేళకి క్యాంటీన్ మేనేజరు వచ్చాడు. ఎక్కడున్నా ఇంకోచోటికి ఆలస్యమైపోతున్నట్టుండే మనిషి. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. వేడి సంగతి, కట్టెల సంగతి ఆయనకి పట్టలేదు.

"మీరెలా పంచుకుంటారో మీ ఇష్టం. రేపట్నుంచే పొద్దున రొట్టె, మధ్యాహ్నం బిస్కెట్లు నా వంటింట్లో ఉండాలి. ఒక్కరోజు తప్పినా మర్నాడు ఫ్యాక్టరీ బండి వస్తుంది. తప్పితే నేను ఎవరి మెడ పట్టుకోవాలి? ఒక్క పేరు చెప్పండి."

కొడుకు నడుం నిటారు చేసుకున్నాడు. మీసాలు రాని నాటి నుంచి ఆ బట్టీ ముందు చెమటోడ్చినవాడు. ఆ పేరు తనదేనని వాడికి అనుమానం కూడా లేదు.

తల్లి వాడి వైపు చూసింది. కూతురి వైపు చూసింది. తర్వాత వియ్యంకుడి వైపు చెయ్యి చూపించింది.

"ఈయన పేరు" అంది.

వియ్యంకుడు చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు.

"రెండూ ఇస్తానని మీకు మాటిచ్చింది ఈయనే కదా. ఆ మాట అలాగే ఉంది. రొట్టె నేను చేస్తాను, పూచీ ఈయనది."

"అమ్మా" అన్నాడు కొడుకు.

"వాగకు, విను. నా పేరు పెడితే, కష్టం వచ్చిన రోజు ఆయన పక్కకి తప్పుకోవచ్చు. తన పేరు పెడితే తప్పుకోలేడు. మన రొట్టె ఒక్కరోజు ఆగినా ముందు పోయేది ఆయన పరువు."

లెక్క సరిగ్గానే ఉంది. కానీ లెక్కలు వినే స్థితిలో వాడు లేడు. ఏప్రాన్ ముడి విప్పి, మడత కూడా పెట్టకుండా బల్ల మీద పడేశాడు.

"మన కూడు లాక్కోబోయినవాడికి పులిపిండి ఇచ్చావు. మధ్యాహ్నం వేడి ఇచ్చావు. ఇప్పుడు పేరు కూడా ఇచ్చావు. మంట మాత్రం నేను వెయ్యాలా? పేరున్నవాళ్ళనే వేసుకోమను."

మేనేజరును భుజంతో రాసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. పొద్దుట్నుంచి కదలని అమ్మాయి బెంచీ మీంచి ఒక్క ఉదుటున లేచి, "అన్నయ్యా, ఆగు" అంటూ వెనకే పరుగెత్తింది.

మేనేజరు వీధికేసీ, లోపలికేసీ చూశాడు.

"రేపు పొద్దున రొట్టె వస్తుందా?"

"వస్తుంది" అంది తల్లి.

ఆవిడ చెప్పిన తీరుకి ఇంకో ప్రశ్న వెయ్యాలనిపించలేదేమో, ఆయన తల ఊపి గబగబా వెళ్ళిపోయాడు.

గదిలో వియ్యంకులిద్దరే మిగిలారు.

"చెల్లెమ్మా, మొదటి మంట వెయ్యడం మీకు వచ్చా?"

"రాదు. ఎప్పుడూ పిండే నాది. మంట వాళ్ళ నాన్నది, తర్వాత వాడిది."

"మరి వస్తుందన్నారు?"

"మీకు వచ్చుగా."

"నేను వేసిన మంట ఎంత సొగసో ఊరంతా చూసింది. కప్పు కూలింది."

"ఎంత వేస్తే కూలుతుందో ఈ వీధిలో మీ ఒక్కరికే తెలుసు. అంత వెయ్యకండి."

"ఇది కూడా కూలితే?"

"నా బట్టీ పోతుంది, మీ పేరు పోతుంది. అందుకే జాగ్రత్తగా వేస్తారు."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, గోడకున్న టార్చిలైటు అందుకుని, బట్టీ నోట్లోకి వంగాడు. వెలుగు లోపలి కప్పు మీద మెల్లగా తిరిగింది. ఒకచోట ఆగింది.

"చెల్లెమ్మా, ఈ పగులు ఎప్పటిది?"

"ఏ పగులు?"

ఆవిడ వచ్చి పక్కనే వంగింది. కప్పు నడిమి నుంచి వెనక గోడదాకా సన్నటి గీత. మసి కలిపిన మట్టితో ఎవరో ఓపిగ్గా పూడ్చారు. ఒకచోట కాదు, మళ్ళీ మళ్ళీ, పూత మీద పూత. బట్టీ లోపల తల పెట్టి చూడటానికి వీల్లేదని కొడుకు ఎందుకన్నాడో ఆవిడకి అప్పుడు తెలిసింది. తెలిస్తే అమ్మ బట్టీ ఆపిస్తుందని, ఆపితే మళ్ళీ వెలగదని, ఇన్నాళ్ళుగా వాడొక్కడే ఈ పగులును కాసుకుంటూ వస్తున్నాడు. ఎక్కడ ఎంత కట్టె పెడితే ఇది విచ్చుకోదో వాడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇందాక తను చూపించిన చెయ్యి, తను చెప్పిన పేరు, రెండూ ఇప్పుడు ఆవిడకి తప్పుగానే తోచాయి.

వియ్యంకుడు టార్చి ఆర్పాడు.

"మేనేజరు ఇంకా మలుపు దాటి ఉండడు" అన్నాడు. "వెనక్కి పిలవమంటారా?"

"వద్దు" అంది తల్లి, చెప్పులేసుకుంటూ. "మా వాణ్ణి వెతుకుదాం పదండి."